సైలో నిర్మూలన కమిటీ

తాండూరులో నేను పనిచేసిన నాపరాళ్ల కంపెనీలో ఒక మనిషి పరువు పోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పితే ఆయన పరువు నిలిచేది. విప్పలేదు. ఇరవై ఏళ్లుగా నా వంతు మాత్రం మింగేసి, మిగతా కథ చెప్పి అందరినీ నవ్విస్తూ వచ్చాను.

ఆ రోజుల్లో కొత్త ఇంగ్లీషు మాట ఒకటి దొరికితే చాలు, స్కూటర్ కొన్నంత గర్వం నాకు. హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లొచ్చిన పెద్దసారు "మన డిపార్ట్‌మెంట్లన్నీ సైలోలయ్యా, బద్దలు కొట్టాలి" అన్నాడు. నేను దాని అర్థం వెతికి పట్టుకుని మర్నాడే ఉపన్యాసం దంచాను: సైలో అంటే ధాన్యం దాచే చోటు. గ్రీకుల కాలంలో నేలలో తవ్విన పాతర. తర్వాత విదేశీ పొలాల్లో గాలి చొరకుండా మూసిన ఎత్తైన కట్టడం. ఒకదానిలో గింజ పక్కదానిలోకి పోదు. అలాగే తనకు తెలిసింది పక్కవాళ్లకు చెప్పని విభాగాన్ని సైలో అంటారు.

స్టోరు చూసే చాచా (దౌల్తాబాద్ మనిషి, నాకు బండలు గుర్తుపట్టడం నేర్పింది ఆయనే) అంతా విని, "గుమ్మి అన్నట్టు. కానీ బేటా, మా ఊర్ల గుమ్మికి కింద బొక్క ఉంటది, గింజలు తీసుకోనీకి. మీ ఆఫీసోళ్లు ఆ బొక్క గూడ మూసిండ్రా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు కాలింది.

పెద్దసారు నన్ను 'సైలో నిర్మూలన కమిటీ'కి కార్యదర్శిని చేశాడు. గోడలు కూల్చడానికి నేను చేసిన మొదటి పని, కమిటీకి ఒక గది, దానికో తాళం సంపాదించడం. (తాళంచెవి నా దగ్గరే.) రెండోది, ఇకమీదట ఎవరూ ఎవరికీ నేరుగా ఏదీ చెప్పకూడదు, ఫారం నింపి నాకివ్వాలి, సోమవారం మీటింగులో చదువుతాం అని రూలు పెట్టడం.

ఒక గురువారం చాచా వచ్చాడు. "వికారాబాద్ ఫంక్షన్ హాలోళ్లు ఫోన్ చేసిన్రు. పసుపు బండ వద్దంట, నీలం పంపుమన్నరు. రేపే లోడు. జర లోడింగోళ్లకు చెప్పొస్త."

"నువ్వు చెప్పొద్దు చాచా. ఫారం నింపు."

"గోడ అవతలనే ఉన్నరు గదా! గింత మాటకు ఫారమా?"

"పద్ధతి."

నింపాడు. సొరుగులో పెట్టి తాళం వేశాను. శుక్రవారం లారీ పసుపు బండతో పోయింది, శనివారం తిట్లతో తిరిగొచ్చింది.

పెద్దసారు అందరినీ నిలబెట్టాడు. "ఫారం ఇచ్చిన సార్" అన్నాడు చాచా, నా వైపు చూస్తూ. "ఏదయ్యా?" అని సారు నన్నడిగాడు. నేను గోడమీది క్యాలెండర్‌లో తిథులు చదువుకున్నాను. లేదనే సారు అనుకున్నాడు. చాచాను స్టోరు నుంచి తీసేసి, గేటు దగ్గర లారీ నంబర్లు రాయడానికి కూర్చోబెట్టారు. కమిటీ సేవలకు నాకు శాలువా కప్పారు.

పోయిన నెల దౌల్తాబాద్ వెళ్లాను. చాచా బిడ్డ చాయ్ పెట్టింది. ఆమెకు వినబడకుండా ఆయన చెవి దగ్గరికి వంగి "మాఫ్ చెయ్ చాచా" అని గొణిగాను.

"నాకేం చెప్తవ్? నాకు ఎర్కలేదా? మా బిడ్డకు చెప్పు. అబ్బా మతిమరుపుతోని నౌకరీ ఖరాబ్ చేసుకున్నడని ఇన్నేండ్ల సంది అనుకుంటున్నది."

ఈ వయసులో బడిపిల్లాడిలా లేచి నిలబడ్డాను. గ్రీకుల దాకా వెళ్లి అదరగొట్టిన నోరు ఒక్క వాక్యానికి ఎండిపోయింది. నా మీద నాకే నవ్వొచ్చింది.

"చెల్లె, మీ అబ్బా మర్చిపోలే. చెప్పిండు, రాసి గూడ ఇచ్చిండు. ఆ కాయితం నా సొరుగులనే ఉండె. భయంతోని నేనే నోరు తెర్వలే. తప్పు నాది."