తొమ్మిదో తరగతికి వెళ్లిన బాల్కనీ కుర్చీ

పోయిన నెల మా ఆవిడ కన్నుమూసింది. పద్మారావు నగర్‌లో ఆమె లెక్కలు చెప్పే బడికి నేనే ఫోన్ చేశాను. ఆ రోజు క్లాసులు ఆపేస్తామన్నారు. వద్దన్నాను. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు.

ఆ బడిలో ఎనిమిదో తరగతి చివర ఒక పరీక్ష పెడతారు. మీ ఇళ్లలోనూ అలాంటిది రాసిన పిల్లలు ఉండే ఉంటారు. కటాఫ్ దాటినవాళ్లకు తొమ్మిదిలో ఫౌండేషన్ సెక్షన్, పై స్థాయి లెక్కలు. దాటనివాళ్లు తమకు లెక్కలు రావని అప్పుడే అనుకుంటారు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడానికి జంకుతారు.

ఆ పేపర్లు దిద్దేది మా ఆవిడ. మార్కులు వేసి ఊరుకునేది కాదు. తప్పు చేసిన లెక్కను పిల్లల ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చునేది. కొందరు మార్కు కలపమని బతిమాలేవారు. కొందరు ఏడ్చేవారు. తప్పు ఎక్కడుందో వెతికే పిల్లల కోసం ఆమె ఎదురుచూసేది. "అన్నీ వచ్చినోళ్లకు నేనెందుకు? కావాలన్నోళ్లకు కదా చెప్పాలె" అనేది నాతో.

మూడేళ్ల క్రితం చిలకలగూడ నుంచి వచ్చే ఒక అమ్మాయి కటాఫ్‌కు కొద్దిలో ఆగిపోయింది. తండ్రి ఆటో నడుపుతాడు. లెక్క ముందు పెడితే, ఇంటర్వెల్ బెల్లు కొట్టినా లేవలేదట. తప్పు పట్టుకుని, "మేడం, ఇది గిట్ల సుత చేయొచ్చు కదా" అని ఇంకో దారి చూపించిందట. ఆ సాయంత్రం టీ చల్లారిపోయేదాకా మా ఆవిడ ఆ దారి గురించే చెప్పింది.

ఆ అమ్మాయిని ఫౌండేషన్ సెక్షన్‌లో చేర్చుకుందామంటే ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారన్నాడు. అడగనివ్వండి, అందరినీ ఇలాగే చూద్దామంది ఈమె. చివరికి ఆయన బెంచీలన్నీ నిండిపోయాయని చెప్పాడు.

మర్నాడు బాల్కనీలోని రెండు ప్లాస్టిక్ కుర్చీల్లో తనది చేత పట్టుకుని బయల్దేరింది. ఎక్కడికన్నాను.

"బడికి. జాగ లేదన్నరు కదా."

"మరి నువ్వెక్కడ కూర్చుంటవ్?"

"రోజంతా నిలబడే పనే నాది. అలవాటే."

ప్రిన్సిపాల్ నవ్వేశాడట. నెల రోజులు చూద్దామన్నాడు. నెల గడిచాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎంపీసీ చదువుతోంది. కుర్చీ మాత్రం బడిలోనే ఉండిపోయింది. ఏటా దానిలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టేది. కొత్తది కొందామంటే విననే లేదు. సాయంత్రాలు రెయిలింగ్‌కు ఆనుకుని టీ తాగేది.

మొన్న ఆమె సామాను తెచ్చుకోవడానికి వెళ్లాను. కళ్లజోడు, స్కేలు, రెండు పెన్నులు. తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర అటెండరు ఆగాడు.

"సార్, గా కుర్చీ మీదే కదా. తీస్కపోతరా?"

లోపలికి చూశాను. చివరి బెంచీ పక్కన, మా కుర్చీలో, ఎవరో కొత్త అమ్మాయి ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తోంది.

బెల్లు కొట్టారు. పిల్లలంతా బయటికి వచ్చేశారు.

ఆ అమ్మాయి తల ఎత్తలేదు.