దింపుడు కళ్లం దగ్గర హాజరు

ఆ రోజుల్లో మునిసిపాలిటీ నీళ్ళ పంపుల దగ్గర ఔట్‌సోర్సింగ్‌లో పనిచేసే మాకు ఉద్యోగం ఎప్పుడూ ఉండేది, జీతం మాత్రం ఎప్పుడో గానీ ఉండేది కాదు. మూణ్ణెల్లుగా చేతికి రూపాయి రాని ఆ వేసవిలోనే శాసనసభ్యులు తమ జీతాలు ఒక్క మధ్యాహ్నంలో పెంచుకున్నారు. మాకు పెంచమంటే కమిటీ వేశారు. (అది ఇంకా ఆలోచిస్తూనే ఉందని వినికిడి.) దాంతో మా సంఘం పెద్ద, అందరం పంపుల మామ అని పిలుచుకునే ఆయన, మాచర్ల బజార్లో మా జీతానికి శవయాత్ర చేద్దామన్నాడు. గడ్డిబొమ్మ కట్టే ఓపిక లేక, బక్కగా ఉన్న నన్నే పాడె మీద పడుకోబెట్టారు. "బొమ్మకన్నా నువ్వే నయం రా, మోయడానికి చానా తేలిక," అన్నాడు మామ. నేను కాస్త గర్వపడ్డాను కూడా.

ఎండకని ముఖం మీదకు తెల్లగుడ్డ లాగేసరికి లోకమంతా పాలిపోయిన వెలుగైపోయింది. "ఏందిరా, శవానికి చెమటలు పడతన్నాయి?" అని మోసేవాళ్ళు ఆటపట్టించారు. బజారు సగం దాటాక ఎవరో ముసలమ్మ, "అయ్యో, చిన్నోడే, ఏ తల్లి కన్నదో" అని నిజంగానే ఏడ్చింది. గుడ్డ మీద పేలాలు రాలాయి. నవ్వబోయాను, నవ్వు రాలేదు. అంతలో ఒక కారు ఆగింది. దిగినాయన పక్క నియోజకవర్గం ఎమ్మెల్యే. (నాయకులు పెళ్ళినైనా తప్పించుకుంటారు గానీ శవాన్ని దాటిపోరు.) ఇది మా జీతానికి శవయాత్ర అని రాసిన బ్యానరు వెనకెక్కడో ఉండిపోయింది.

"ఎవరయ్యా పోయింది?" అన్నారాయన.

"పంపుల కాడ పిల్లోడు సార్. జీతం రాక..." అని మావాడొకడు మొదలెట్టాడో లేదో ఎమ్మెల్యేగారు అందుకున్నారు.

"అయ్యయ్యో! వాళ్ళింట్లో ఒకరికి పర్మనెంటు ఉద్యోగం ఇప్పించే పూచీ నాది."

తప్పెట ఆగింది. నవ్వులూ ఆగాయి. మామ నా చెవి దగ్గర వంగి, "కదలమాక రా," అన్నాడు. అది మామ గొంతులా లేదు. పాడె మళ్ళీ లేచింది, వెనకే ఎమ్మెల్యేగారు, ఆ వెనక ఆయన కారు. తప్పెట ఈసారి అసలైన చావు దెబ్బ అందుకుంది. యాత్ర ముగియాల్సిన మునిసిపల్ ఆఫీసు వైపు తిరగాల్సిన చోట ఎవరూ తిరగలేదు. ఎండ నా ఎడమ చెంప మీదే ఉండిపోయింది. "మామా, ఎటు పోతన్నాం?" అని గొణిగాను. మోస్తున్న నలుగురూ నాకు బాగా తెలిసినవాళ్ళే. వాళ్ళకు మాత్రం నేనెవరో తెలిసినట్టు లేదు. అంత ఎండలోనూ గుడ్డ కింద నా ఊపిరి నాకే చల్లగా తగిలింది. అన్నిటికన్నా భయమేసిన సంగతేమంటే, ఆ ఉద్యోగం తమ్ముడికి బాగా సరిపోతుందని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను.

శ్మశానం దారిలో పాడె దించారు. ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆఖరి ఆశతో చెవిలో మూడుసార్లు పేరు పిలిచే దింపుడు కళ్లం అది. అయినవాళ్ళు పిలవాలి. మావాళ్ళెవరూ ముందుకు రాలేదు. చివరికి ఎమ్మెల్యేగారే పక్కవాళ్ళనడిగి నా పేరు తెలుసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని పిలిచారు. మొదటిసారి పళ్ళు బిగబట్టాను. రెండోసారి ఆయన ఇంకా మెత్తగా పిలిచారు. మూడోసారికి చిన్నప్పుడు బడిలో హాజరు పలికిన అలవాటు నా ప్రమేయం లేకుండా లేచి కూర్చుంది.

"ఉన్నాను సార్!"

ఎమ్మెల్యేగారు వెల్లకిలా పడ్డారు. లేచి దుమ్ము దులుపుకుని, నన్ను తడిమి చూసి, "బతికే ఉన్నావుగా! ఇంక బాధేముందయ్యా?" అని మనస్ఫూర్తిగా సంతోషించి కారెక్కారు. తిరుగుదారిలో మామ ఖాళీ పాడె ఒక కొస పట్టుకుని నడిచాడు. ఆఖరికి, "ఇంకాసేపు ఓర్చుకోలేకపోయావేంట్రా?" అన్నాడు.

"ఎందాకా మామా?"

మామ పాడె కొసను భుజం మార్చుకుని నడక పెంచాడు.

ఇప్పటికీ అవే పంపుల దగ్గర, అదే జీతం కోసం ఎదురుచూస్తున్నాను. "ఎంత పని చేశావన్నా!" అని తమ్ముడు నవ్వుతుంటాడు, నేనూ నవ్వుతాను. కానీ ఎవరైనా మెత్తగా పేరు పెట్టి పిలిస్తే మాత్రం మొదటి పిలుపుకే పలికేస్తాను. మూడోదాకా ఆగే ధైర్యం పాడె మీద పడుకున్న ఆ కుర్రాడితోనే పోయింది.