అధ్యక్షుడి ఫొటోకు పెన్సిల్

అరవై రెండో, అరవై మూడో సంవత్సరం. ప్రొద్దుటూరు బజారులో నాకు అప్పటికే ఫొటో స్టూడియో ఉంది. ఆ రోజుల్లో ఫొటో తీయడం సగం పనే. మిగతా సగం రీటచింగ్: నెగెటివ్ మీద ముఖం ఉన్నచోట సన్నటి పెన్సిల్‌తో గీతలు పెడితే ప్రింటులో ఆ ముఖం తెల్లగా వస్తుంది. మా సీమ ఎండలో పుట్టి పెరిగిన మనుషులంతా నా స్టూడియోలోకి వచ్చి దొరల రంగుతో బయటికి పోయేవాళ్లు. అడిగేవాళ్లు, చేసేవాణ్ని.

ఒకరోజు దానం మాస్టారు ఏదో పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ తెచ్చాడు. ఆయనది తొండూరు దగ్గర క్రైస్తవ కుటుంబం. మా ఊరి పెద్దలు కమిటీగా నడిపే బడిలో పనిచేసేవాడు, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. బొమ్మలో ఉన్నది ఆఫ్రికాలో ఒక దేశాధ్యక్షుడు. గనుల్లో కూలీగా మొదలై, తోటి కూలీలకు అక్షరాలు నేర్పి, తెల్లవాళ్లను సాగనంపి గద్దె ఎక్కిన మనిషి. కొన్నాళ్లకే చంపేశారట. బడిలో సంతాప సభ, పెద్ద ఫొటో కావాలి.

“శానా జాగర్తగా చేయప్పా,” అన్నాడు మాస్టారు. “నల్లగా ఉండానని నన్ను సిన్నప్పుడు కర్రోడా కర్రోడా అని ఏడిపిచ్చినారు. ఇప్పుడు మా బడి పిల్లోళ్లనూ అట్లే అంటాండారు. ఈ రంగు మనిషి ఒక దేశాన్ని ఏలినాడని వాళ్లు కండ్లారా సూడాల.”

బొమ్మను కాపీ తీసి ఎన్‌లార్జ్‌మెంట్, అంటే పెద్ద ప్రింటు, వేశాను. నల్లటి ముఖంలో నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా తీయడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. నుదుటి మీది వెలుగు, కళ్ల కింది అలసట, అన్నీ వచ్చాయి. పెన్సిల్ మాత్రం ముట్టలేదు.

బడి కమిటీ ప్రెసిడెంటు వచ్చి చూసి మొహం చిట్లించాడు. ఆయన రంగు ఆ అధ్యక్షుడి రంగుకు ఏమాత్రం తీసిపోదు!

“ఏందప్పా ఇంత కర్రిగా? జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి పెద్దమనుషులొస్తాండారు. రవ్వంత తెలుపు చెయ్.”

“ఆయన రంగే అది సార్.”

“సచ్చినోడొచ్చి అడుగుతాడా యేంది?”

నా ఒళ్లు మండిపోయింది. చేయనని చెప్పేశాను. ఆయన పత్రిక బొమ్మ పట్టుకుని ఇంకో స్టూడియోకు పోయాడు. నేను వేసిన ప్రింటును మాస్టారు ఇంటికి తీసుకుపోయాడు.

సభకు నేనూ వెళ్లాను. వేదిక మీద, పూలదండ మధ్యలో, పసిమి ఛాయతో ఎవరో పెళ్లికొడుకు! నా పక్కనాయన మోచేత్తో పొడిచి, “ఎవరప్పా ఈయన, కడప ప్లీడరా?” అని అడిగాడు. ఆ ఫొటో పక్కనే నిలబడి ప్రెసిడెంటు నల్లవాళ్ల ఆత్మగౌరవం గురించి మైకు అదిరేలా మాట్లాడాడు. సిగ్గూ ఎగ్గూ ఉండొద్దా మనిషికి?

ఉపన్యాసం ముగియగానే దానం మాస్టారు లేచి, నా ప్రింటు తెచ్చి దాని పక్కన నిలబెట్టాడు. వెనక వరసల్లో పిల్లలంతా లేచి నిలబడి చూశారు.

“ఈళ్లిద్దరిలో సచ్చిపోయిండేది ఎవరు సార్?” అన్నాడు. “ఆయప్పకే దండెయ్యండి.”

“తీసెయ్ దాన్ని,” అన్నాడు ప్రెసిడెంటు. దండ ఉన్నచోటే ఉంది.

వేసవి సెలవుల తర్వాత మాస్టారికి బడిలో పని లేదన్నారు. కారణం చెప్పలేదు. చెప్పే మొహం ఎవరికుంది? పెద్దమనుషుల్లో ఒక్కరూ ఆయన పక్కన నిలబడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

చాపాడు దగ్గర ఇంకో బడిలో చేరబోయే ముందు ఆయన స్టూడియోకు వచ్చి, అధ్యక్షుడి ఫొటోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. “ఉండేది ఉన్నట్లు తియ్యప్పా,” అన్నాడు. తీశాను.

మనిషి ముఖాన్ని దిద్దే హక్కు నా పెన్సిల్‌కు లేదని ఈ పనిలో నేర్చుకున్నాను. తెలుపు చేయనంటే కొందరు గిరాకీలు పోయారు, పోనీ. మాస్టారి ఆ ఫొటో ఇవాళ్టికీ నా షోకేసులో ఉంది. తెలుపు కావాలని వచ్చేవాళ్లకు ముందు దాన్ని చూపిస్తాను. అప్పటికీ కావాలంటే పక్క స్టూడియోకు దారి చెబుతాను.