తొక్క తీసిన అనపగింజలు

నా చిన్నప్పుడు నేను బడికి వెళ్లి చదువుకున్నది లేదు. యలహంకలో మా వంటగదే నా బడి, అమ్మే నా టీచరు. ఒక చలికాలం అమ్మ కడుపులో గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. వెళ్లే రోజు కూడా పాఠం మానలేదు. గాజు గ్లాసు, కాస్త దూది, గుప్పెడు అనపగింజలు నా ముందు పెట్టి, "నానబెట్టి తడి దూదిలో ఉంచు పాపా. నేను తిరిగొచ్చేలోపల మొలకలొస్తాయి. బొమ్మ గీసి పెట్టు, చూస్తా" అని చెప్పి నాన్న వెంట వెళ్లింది.

ఆ మాట నాలో మరోలా నాటుకుంది. మొలక వస్తేనే అమ్మ వస్తుందని అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. దేవుడితో ఒప్పందం చేసుకున్నట్టు నేనే ఖాయం చేసుకున్నాను.

అవి చిక్కుడులాంటి అనపకాయలు కాసే రోజులు. మా అవ్వ నానిన గింజలను వేళ్ల మధ్య పితికి, తొక్క ఊడదీసి, పితికిపప్పు కూర చేసేది. ఆ పని నాకూ వచ్చు. మొలకకు తొక్క అడ్డమేమో, దారి సులువు చేద్దామని గ్లాసులో వేసే గింజలన్నీ పితికేశాను. నున్నగా ఎంతో ముద్దుగా ఉన్నాయి.

మొలకలు రాలేదు. గింజలు జిగురెక్కి పుల్లటి వాసన కొట్టసాగాయి. ఇక అమ్మ రాదేమోనని భయం పట్టుకుంది. గేటు చప్పుడైతే చాలు, నాన్న ఏ వార్త తెచ్చాడోనని మంచం కిందికి దూరేదాన్ని. అవ్వకు చెబుదామంటే, నోటితో అంటే నిజమైపోతుందేమోనని మరో భయం. గ్లాసును బియ్యం డబ్బా వెనక దాచాను. అన్నం సయించలేదు.

వాసన పట్టి అవ్వే దాన్ని బయటికి లాగింది. "ఇదేందే తల్లీ, పితికిన గింజ కూరకు గానీ మొలకకొస్తాదా? చలికాలం పసిబిడ్డ మీద దుప్పటి లాగేస్తివే!" అని నవ్వింది.

"అయితే అమ్మ రాదా?" అన్నాను.

అవ్వ నవ్వు ఆగిపోయింది. నా చేత అంతా చెప్పించుకుని ఒళ్లోకి లాక్కుంది. "మీ అమ్మ గింజలో లేదు పాపా, ఆసుపత్రిలో ఉండాది. దేవుని కాడ మాట్లాడేదానికి గింజెందుకు? నీకు నోరుండాది కదా."

"నాకు భయంగా ఉంది అవ్వా."

"నాకూ ఉండాది. అదే చెబుదాం పా."

ఇద్దరం మోకాళ్లూనాం. పెద్దవాళ్లూ భయపడతారని నాకు ఆ రోజే తెలిసింది. బాగుచేస్తే ఇది చేస్తాం, అది ఇస్తాం అని అవ్వ ఏమీ అనలేదు. "ప్రభువా, మాకు బయమైతాంది" అని మాత్రం అంది. తర్వాత లేచి, తొక్కతో ఉన్న గింజలు నానబోస్తూ, "ఇవి మొలిస్తే మొలిచినట్టు, అంతే" అంది.

అమ్మ వచ్చింది. నాన్న చేయి పట్టుకుని, నడుం వంచి, మెల్లగా. అప్పటికి ఆ గింజలు ఇంకా మొలవనే లేదు. ఆ తర్వాత ఎప్పుడు మొలిచాయో చూసిన గుర్తు కూడా నాకు లేదు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరినైనా ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తే, బయట కుర్చీలో కూర్చున్న నా మనసు గుర్తులు వెతుకుతుంది. ముందు ఫోను మోగితే ఒక అర్థం, తలుపు తెరుచుకుంటే ఇంకొకటి. దాన్ని అక్కడే ఆపుతాను. భయం తగ్గాక దేవుని దగ్గరికి వెళ్దామని ఆగను, భయపడుతూనే వెళ్తాను. అలా వెళ్లవచ్చని నేర్పిన అవ్వకు నేను కృతజ్ఞురాలిని.