తోకాయన, అక్షరాలమ్మ, ఒక చుక్క

లిఫ్టులు బాగుచేసుకునేవాడికి ఆకాశంతో ఏం పని అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ లిఫ్టు మోటారు ఎక్కడ ఉంటుందో చూసినవాళ్లు కారు. అది మేడ నెత్తిమీద, నీళ్ల ట్యాంకు పక్కన, పావురాల గూడంత గదిలో ఉంటుంది. ఏ మేడ నుంచి పిలుపొచ్చినా మెకానిక్ ముందుగా ఎక్కేది ఆ గదికే. మోటారు వేడెక్కి మొరాయిస్తే అది చల్లారేదాకా బయట పిట్టగోడకి ఆనుకుని నిలబడాలి. కిందికి చూద్దామంటే, ఇంకా ఎంతసేపని మెడలు పైకెత్తి అడిగే జనం. అందుకని మన మెకానిక్ పైకి చూడటం అలవాటు చేసుకున్నాడు.

ఆ అలవాటు ఏళ్లు గడిచేకొద్దీ పిచ్చిగా ముదిరింది. పిచ్చి అన్నది నా మాట కాదు, ఆయన బావమరిది మాట. ఎవరో వాడి వదిలేసిన బైనాక్యులర్ ఒకటి, మూతపడ్డ ఫోటో స్టూడియో నుంచి తెచ్చుకున్న మూడు కాళ్ల స్టాండు ఒకటి, ఇవీ ఆయన ఆస్తులు. ఏ నెలలో పొద్దుగూకగానే ఏ చుక్క ఏ మేడ మీదుగా కనిపిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పలేడు.

పనిలో మాత్రం మహా చాదస్తుడు. లిఫ్టు గది అంతస్తుకి సరిసమానంగా ఆగాలి. వేలెడు కిందికి జారినా ఒప్పుకోడు, ముసలివాళ్ల కాలు తట్టుకుంటుందంటాడు. బ్రేకు బిగించి, పైకీ కిందికీ నడిపి, మళ్లీ బిగించి, చివరికి తన కాలి బొటనవేలితో గడప తడిమి చూసుకుంటే గానీ సామాను సర్దడు.

ఆయన భార్య కంటి ఆసుపత్రిలో పనిచేస్తుంది. గోడకి వేలాడే అక్షరాల బోర్డు పక్కన నిలబడి, వచ్చినవాళ్ల చేత వరసలు చదివించడం ఆవిడ ఉద్యోగం. రోగులు ఆవిడకి అక్షరాలమ్మ అని పేరు పెట్టుకున్నారు. కనపడటం లేదని ఒప్పుకోవడం మనుషులకి ఎంత కష్టమో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కొందరు ఊహించి చెప్తారు. కొందరు ముందువాళ్లు చదువుతుంటే విని బట్టీపట్టి వస్తారు. ఆవిడ విసుక్కోదు. "కనపడకపోతే కనపడలేదనండి, తప్పేం లేదు. ఊహించి చెప్పారంటే పనికిరాని అద్దాలు తెచ్చి మీ ముక్కు మీద కూర్చోబెడతాం" అంటుంది.

ఇలాంటి ఆవిడ కూడా ఒకసారి ఊహించి చెప్పిందా అన్నదే మన మెకానిక్ ఏళ్ల తరబడి మోసిన అనుమానం.

అప్పటికి వాళ్లకి పెళ్లయి ఎంతో కాలం కాలేదు. ఒక సాయంత్రం తాము ఉండే మేడ డాబా మీద బైనాక్యులర్‌లో, తనకి తెలిసిన చుక్కల మధ్య, తెలియని మసక మచ్చ ఒకటి ఆయన కంటపడింది. తోకచుక్కకి మొదటి పరీక్ష ఒకటే. అది మిగతా చుక్కల మధ్య నుంచి జరగాలి. ఇవాళ ఒకచోట ఉంటే రేపు కాస్త పక్కన ఉండాలి. తన కళ్లు తన ఆశనే చూస్తాయేమోనని భయపడి, ఆయన భార్యని పిలిచి చూపించాడు. మర్నాడు మళ్లీ పిలిచాడు.

"నిన్నటి కంటే జరిగిందా?" అని అడిగాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత కన్ను ఎత్తి, ఆయన మొహం వంక చూసింది. "జరిగినట్టే ఉందండీ" అంది.

ఇంకేముంది. ఆయన మేడంతా చెప్పాడు, ఆవిడ ఆసుపత్రంతా చెప్పింది. కంటి డాక్టరు పిల్లాపాపలతో సహా డాబా ఎక్కాడు. రెండో అంతస్తు సైన్సు మాస్టారు చంకలో చుక్కల పటం పెట్టుకుని వచ్చారు. బైనాక్యులర్‌లో చూశారు, పటం చూశారు, మళ్లీ చూశారు. "ఏమయ్యా, ఇది చుక్కల గుంపు. మనం పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉంది. ఎక్కడికీ జరగదు" అన్నారు. జనం నవ్వారు. చెడ్డ మనసుతో నవ్వలేదు గానీ, నవ్వితే నవ్వినట్టే కదా. దిగి వెళ్లేలోపే బావమరిది ఆయనకి తోకాయన అని పేరు తగిలించాడు. అప్పటి నుంచి మేడలో ఎవరికి ఇబ్బంది వచ్చినా "తోకాయనా, లిఫ్టు ఆగింది" అనే పిలుపు.

పేరు ఆయన్ని బాధపెట్టలేదు. పిలిస్తే పలికాడు, తనూ నవ్వాడు. బాధపెట్టింది వేరే. ఆ రోజు తర్వాత భార్య సాయంత్రాలు డాబా మీదికి రావడం మానేసింది. బట్టలు ఆరేయడానికి వస్తుంది, ఎండ ఉండగానే దిగిపోతుంది. తనవల్ల నలుగురిలో తలవంపులయిందని ఆవిడకి కష్టంగా ఉందని ఆయన అనుకున్నాడు. నిజంగా జరిగినట్టు కనిపించిందా, నాకోసం అన్నావా అని అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆ ప్రశ్న నడవాలో అడ్డంగా పెట్టిన పెట్టెలా ఉండిపోయింది. ఇద్దరూ దానికి తగలకుండా పక్కనుంచి నడవడం నేర్చుకున్నారు.

ఇలా ఉండగా ఈ ఏడాది నిజమైన తోకచుక్క వచ్చింది. కనిపెట్టింది ఎక్కడివాళ్లో, పెద్దపెద్ద యంత్రాలున్నవాళ్లు. ఫలానా రోజుల్లో పొద్దుగూకాక పడమట కనిపిస్తుందని పేపర్లో వేశారు. ఊరి దీపాల్లో ఉత్త కంటికి అందదు. మబ్బు విడిచిన మొదటి సాయంత్రమే మన మెకానిక్ దాన్ని పట్టేశాడు. రోజూ దాని వెంటపడ్డాడు. ఒకరోజు పడమటి వైపున్న సినిమా హాలు గోడకి ఇటు, ఇంకోరోజు అటు, ఒక చుక్కని వెనక వదిలేస్తూ, ఇంకో చుక్క దగ్గరికి పోతూ. ఇది జరుగుతోందా అని ఈసారి ఎవరినీ అడగనక్కర్లేదు.

అయినా ఆయనకి ఏదో వెలితి. ఒక్కడే చూసి ఒక్కడే దిగి రావడం ఇన్నేళ్లుగా అలవాటే. కానీ దీన్ని ఆవిడ చూడకపోతే తను చూసినట్టే ఉండదనిపించింది. పిలిస్తే "మీరు చూసి రండి, పొయ్యి మీద కూర ఉంది" అంది. మర్నాడు కూడా కూరే అడ్డొచ్చింది. అటు చంద్రుడు రోజురోజుకీ పెరుగుతున్నాడు. ఇంకొన్నాళ్లకి ఆ వెలుగులో చుక్క మునిగిపోతుంది. వెన్నెల తగ్గేసరికి అది వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ వేల ఏళ్లకి గానీ రాదంటున్నారు, అంటే మనకి రాదు.

సైన్సు మాస్టారు బాగా పెద్దవారయ్యారు. లిఫ్టులో తారసపడి, "నిజంగానే కనిపిస్తోందటగా. మాకు చూపించవా?" అని ఆయనే అడిగారు. అడగడమే కాదు, మేడవాళ్ల వాట్సాప్ గ్రూపులో రేపు సాయంత్రం అందరూ డాబా మీదికి రావాలని రాసి పెట్టారు. ఆనాటి నవ్వు ఆయన మనసులోనూ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉన్నట్టుంది.

ఆ పూట మెకానిక్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "రేపు అందరూ వస్తున్నారు. వాళ్లు చూసినా చూడకపోయినా నాకు ఒకటే. నువ్వు చూడాలి" అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "సరే, వస్తాను" అంది.

మర్నాడు డాబా మీద పెళ్లివారు దిగినంత సందడి. మెకానిక్ స్టాండు నిలబెట్టి, చుక్కని నడిమధ్యకి తెచ్చి, మర బిగించి పక్కకి తప్పుకున్నాడు. చూపించేవాడు మాటిమాటికీ తనే చూస్తే బాగుండదని ఆయన మర్యాద. బావమరిది మంచి ఒళ్లున్న మనిషి. స్టాండు మీదికి మొత్తం వాలిపోయి చూసి, "బావా, భలే ఉంది. ఇన్నాళ్లూ నిన్ను ఊరికే ఏడిపించాను" అన్నాడు. పై అంతస్తు పిన్నిగారు చూసి, "తోక చూడు నాయనా, జడలాగా కిందికి ఎంత చక్కగా వేలాడుతోందో" అన్నారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చూశారు. "స్పష్టంగా ఉందయ్యా. ఆ రోజు నేను ఇంకాస్త మెల్లగా చెప్పి ఉండాల్సింది" అన్నారు. మెకానిక్‌కి ఇన్నేళ్ల బరువు ఒక్కసారిగా దిగినట్టయింది.

అందరి వెనకాల, ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చిన ఆవిడ వంతు వచ్చింది. వంగింది. చూసింది. చూస్తూనే ఉంది.

"కనిపించిందా?" అన్నాడు ఆయన.

"లేదండీ."

"సరిగా చూడు. నడిమధ్యలో ఉంటుంది."

"నడిమధ్యలోనే చూశాను. ఏమీ లేదు."

పిన్నిగారు నవ్వేశారు. "మాకందరికీ కనిపించింది కదమ్మా. నీ బోర్డు ముందు నువ్వే ఓసారి కూర్చోవాలి" అన్నారు. అందరూ నవ్వారు.

బావమరిది అక్క చెవి దగ్గర గొంతు తగ్గించాడు, అయినా అందరికీ వినపడింది. "ఉందని ఒక్క ముక్క అనెయ్యి అక్కా. బావ సంతోషిస్తాడు."

"ఒకసారి అలాగే అన్నానురా" అంది ఆవిడ.

మిగతావాళ్లకి ఆ మాట అంతుపట్టలేదు. మెకానిక్‌కి మాత్రం సూటిగా తగిలింది. జనం ఇంకాసేపు కబుర్లాడి, ఒకరి తర్వాత ఒకరు లిఫ్టెక్కి దిగిపోయారు. డాబా మీద ఇద్దరే మిగిలారు. పడమట ఎరుపు పోయి బూడిద రంగు మిగిలింది.

"అయితే అప్పుడు నాకోసమే అన్నావన్నమాట" అన్నాడు ఆయన. కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక ఆవిడ మీదే వచ్చింది.

"అవును. నాకు రెండు రోజులూ ఒకేలా కనిపించింది. మీ మొహం చూశాక ఆ మాట అనలేకపోయాను" అంది. "తర్వాత పైకి రాకపోవడం సిగ్గుపడి కాదు. మీరు మళ్లీ అడుగుతారు, నేను మళ్లీ అలాగే అంటాను. అందుకే."

ఆయన సామాను సర్దేద్దామని స్టాండు దగ్గరికి వెళ్లాడు. సర్దేముందు, అలవాటు కొద్దీ, ఒకసారి వంగి చూశాడు.

ఏమీ లేదు. ఖాళీ ఆకాశం, అడుగున ఎవరిదో నీళ్ల ట్యాంకు అంచు.

మర మీద చెయ్యి వేసి చూస్తే సంగతి తెలిసింది. బావమరిది వాలినప్పుడే పట్టు వదిలింది. బ్రేకు అరిగిన లిఫ్టు గదిలాగా బైనాక్యులర్ బరువుకి కిందికి జారిపోయింది. ఊళ్లోవాళ్ల లిఫ్టులు వేలెడు జారితే ఒప్పుకోని మనిషి, తన స్టాండు జారిందో లేదో చూసుకోలేదు. మరి పిన్నిగారు చూసిన జడ? మాస్టారు స్పష్టంగా ఉందన్నది? ఆయన పిట్టగోడ మీద చతికిలబడ్డాడు.

"నువ్వన్నదే నిజం. ఇందులో ఏమీ లేదు" అన్నాడు.

"మరి వాళ్లంతా ఏం చూశారండీ?"

"నా మొహం చూశారు."

ఆ మాట అన్నాక ఆయనకే నవ్వొచ్చింది. నవ్వులో కొంత ఏడుపూ ఉంది. వాళ్ల మీద కోపగించుకోలేడు. అందరూ ప్రేమతోనే అన్నారు. అప్పట్లో ఆవిడ అన్నదీ ప్రేమతోనే. అంత ప్రేమ మధ్య నిలబడి కూడా తను ఒంటరిగానే చుక్కని చూశాడు. ఇవాళ ఒక్క మనిషి లేదంది, ఆ లేదన్న మనిషే తన పక్కన మిగిలింది.

లేచాడు. చుక్క ఇంకాసేపట్లో సినిమా హాలు వెనక్కి దిగిపోతుంది. తెలిసిన నక్షత్రాన్ని పట్టుకుని, అక్కడి నుంచి కొంచెం పైకి, కొంచెం కుడికి జరిపి, దొరికించుకున్నాడు. మరని రెండు చేతులతో బిగించాడు. చెయ్యి వదిలి, మళ్లీ చూసి, జారలేదని ఖాయం చేసుకున్నాడు. అప్పుడు తప్పుకున్నాడు. కనిపించిందా అని అడగలేదు. ఆవిడకి తన మొహం కనపడకుండా వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఆవిడ వంగింది. సినిమా హాలు ముందు ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది రెండుమూడు సార్లు దగ్గి ఊరుకుంది.

"ఒక మసక ఉంది" అంది ఆవిడ మెల్లగా. "అద్దం మీద ఊదితే పట్టే ఆవిరిలాగా. నడుమ కొంచెం చిక్కగా ఉంది. తోక..." ఆగింది. "తోక పైకి ఉందేంటండీ? కిందికి ఉంటుందనుకున్నాను."

తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు వైపే ఉంటుంది. సూర్యుడు అప్పుడే కిందికి దిగాడు కాబట్టి అది పైకే నిలబడుతుంది. ఈ సంగతి ఆవిడకి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఊహించి చెప్పేవాళ్లెవరూ పైకి ఉందనరు.

"పైకే ఉంటుంది" అన్నాడు. ఎందుకో తర్వాత చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆవిడ బైనాక్యులర్ వదల్లేదు, చుక్క గోడ వెనక్కి పోయేదాకా.

లిఫ్టులో దిగుతూ, "ఈ సంగతి కిందెవరికీ చెప్పకండి. మాస్టారు చిన్నబుచ్చుకుంటారు" అంది.

"నాకు తెలియదేంటి" అన్నాడు.

మర్నాడు మెకానిక్‌కి బట్టల కొట్టు మేడలో లిఫ్టు పని ఆలస్యమయింది. ఇంటికి వచ్చేసరికి తలుపుకి తాళం. బైనాక్యులర్ తగిలించే మేకు ఖాళీగా ఉంది. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కాడు. డాబా మీద స్టాండు నిలబెట్టి ఉంది, మర గట్టిగా బిగించి ఉంది, ఆవిడ వంగి చూస్తోంది. అడుగుల చప్పుడు వినే ఉంటుంది.

"జరిగిందండీ" అంది. "నిన్న ఆ జంట చుక్కలకి ఇవతల ఉంది. ఇవాళ వాటిని దాటేసింది."

చెప్పేటప్పుడు ఆవిడ ఆయన మొహం వంక చూడలేదు.