ఎర్ర సున్న పెట్టిన సూపరింటెండెంటు గారు

మొన్న సాయంత్రం అచ్యుతాపురంలో ఓ ఫ్యాక్టరీ గేటు బయట, టీ బండి దగ్గర నిలబడి షిఫ్టు దిగేవాళ్ల కోసం చూస్తుంటే వార్త వచ్చింది. మా యూనివర్సిటీ పరిశోధక విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు: 'మన పాత సూపరింటెండెంటు గారు ఈ ఉదయం స్వర్గస్తులయ్యారు.' గ్లాసు బండి మీద పెట్టేశాను. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయం వచ్చింది. 'స్వర్గస్తులు' అని రాశారు. థ వత్తు ఉండాల్సిన చోట త వత్తు పెట్టారు. ఆయన చూస్తే ఊరుకుంటారా? పాడె మీంచి లేచి, జేబులో ఎర్ర పెన్ను తీసి, ఆ వత్తు చుట్టూ సున్న చుట్టి, 'సరిచేసి పంపవలెను' అని రాసి మరీ పడుకుంటారు.

ఆ తర్వాత ఏడుపు కూడా వచ్చింది లెండి.

ఆయన నాకు చుట్టం కారు, పాఠం చెప్పిన గురువూ కారు. యూనివర్సిటీలో పరిశోధనలకు నిధులు మంజూరు చేసే సెక్షను ఒకటి ఉంది. దానికి ఆయన సూపరింటెండెంటు. కరపత్రాలు చదివి బుద్ధి తెచ్చుకున్న నాలాంటిదానికి ఆయన శత్రు వర్గం. అలా అనుకునే ఆ సెక్షన్లో అడుగుపెట్టాను. దరఖాస్తు బల్ల మీద పెట్టలేదు, విసిరాను. దాని మీద రాసి ఉంది: 'వలస యువత లైంగిక ఆరోగ్యం: ఒక అధ్యయనం.'

ఆయన కళ్లద్దాలు సర్దుకుని మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

"ఏ వలసమ్మా?"

"అంటే?"

"అంటే ఏటి? వలస యువత అన్నావు. ఏ వలస? మా వైపు ఎటు తిరిగినా ఏదో ఒక వలస తగుల్తాది. మాదీ ఓ వలసే. ఊరి పేరు సగం రాస్తే ఎలగ? పూర్తిగా రాయాల."

వెక్కిరిస్తున్నారనుకున్నాను. కాదు, మనిషి నిజంగానే అడుగుతున్నారు. నాకు తిక్క రేగింది.

"ఊరు కాదండీ! పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు! ఒడిశా నుంచి, బీహారు నుంచి, బెంగాల్ నుంచి! అక్కడ ఇల్లు నిలవక ఇక్కడ తలదాచుకునేవాళ్లు! మన ఫ్యాక్టరీలన్నీ వాళ్ల చెమట మీద నడుస్తున్నాయి!"

"ఓహో, ఆ వలసా," అన్నారాయన. "నెమ్మదిగా సెప్పమ్మా, నాకు సెవుడు లేదు." అని చూపు పక్క మాట మీదికి జరిపారు. అంతే. బొటనవేలు దానంతటదే వచ్చి ఆ మాట మీద వాలింది. మాట మొత్తం వేలి కింద దాగిపోయింది. చుట్టూ చూశారు. గొంతు తగ్గించారు.

"మరి... ఆ ఆరోగ్యం ఎందుకమ్మా? కళ్లు, పళ్లు, అలగ ఇంకేదైనా ఆరోగ్యం సూసుకోకూడదా?"

ఆ రోజు నుంచి అది 'ఆ ఆరోగ్యం ఫైలు' అయింది. నేను 'ఆ ఆరోగ్యం మేడమ్' అయ్యాను. అటెండరు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు కేక వేసేవాడు: "సార్! ఆ ఆరోగ్యం మేడమ్ వచ్చారు!" లైంగికం అనడానికి సిగ్గుపడే ఆఫీసుకు ఈ కేకకు సిగ్గు లేకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వానాకాలం మొత్తం ఫైలు కదల్లేదు. నేను చేయగలిగింది ఒక్కటే కదా, కరపత్రం వేశాను. 'నిధులు తొక్కిపట్టిన నిద్రమత్తు గుమస్తాలారా!' అని మొదలు. గేటు దగ్గర పంచి, చివరి కాపీ తీసుకెళ్లి సాక్షాత్తూ ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన అన్నం డబ్బా మూత పెట్టి, మొదటి నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివారు. చదివి వెనక్కిచ్చారు. పదకొండు ఎర్ర సున్నలు.

"'నిర్లక్షం' అని రాసినావు. 'నిర్లక్ష్యం' అనాల. మమ్మల్ని తిట్టు తల్లీ, వద్దన్లేదు. క్షకి య వత్తు పెట్టి తిట్టు. తప్పుల్లేని తిట్టయితే తగిలే చోట తగుల్తాది."

సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఆ దిద్దుళ్లతోనే మళ్లీ అచ్చు వేయించాను. ఆయన ఒక కాపీ అడిగి తీసుకుని, "ఇప్పుడు బాగుంది," అని ఫైల్లో పెట్టుకున్నారు. నోరు తెరిస్తే నాను, ఏటి, ఎల్తన్నాను అనే మనిషి. కాగితం మీద పెన్ను పెడితే మాత్రం ఒక్క వత్తు పక్కకు జరగదు. "మాట గాలికి పోద్ది, రాత ఫైల్లో ఉంటాది," అనేవారు.

ఇంత పోరాటం దేనికో ఆయన ఒక్కసారి కూడా అడగలేదని ఓ రోజు నేనే కోపంతో చెప్పాను. అచ్యుతాపురంలో ఒక ఒడియా కుర్రాడు, ఇరవై రెండేళ్లు. ఒంటేలుకు వెళ్తే మంట. మందుల షాపుకు వెళ్లాడు. ఏమని చెప్పాలో తెలియదు. గదిలో వాళ్లు నేర్పిన తెలుగు ముక్క ఒక్కటే ఉంది: 'వేడి చేసింది.' షాపతను నవ్వి, "వేడి సేసిందా బావా? మజ్జిగ తాగు. సబ్జా గింజలు నానబెట్టి తాగు," అన్నాడు. కుర్రాడు నమ్మాడు. నాలుగు నెలలు మజ్జిగ తాగాడు. చివరికి జ్వరం ముదిరి లేవలేకపోతే, గదిలోవాళ్లు నాకు ఫోన్ చేస్తే, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. మందు వారం రోజులదే. సరైన మాట లేక నాలుగు నెలలు పట్టింది. ఈ నిధులు వస్తే అక్కడ వాళ్ల భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టి, అడిగి, రాసుకుని, ఆసుపత్రి దారి చూపిస్తామండీ, అంతే నేను అడిగేది, అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. పని వేళలో ఆయన పెన్నుకు మూత పెట్టడం అంతకుముందు నేను చూడలేదు.

"మా అన్నయ్య ఖరగ్‌పూర్ పనికెళ్లి వచ్చాడమ్మా," అన్నారు. "ఆడికీ వేడే సేసిందన్నారు." మూత ఇంకా బిగిస్తూ, "ఉన్నన్నాళ్లూ అంబలి పోసేవోళ్లం," అన్నారు.

నేను, ఆ సెక్షన్లో మొదటిసారి, ఆయన బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాను.

మర్నాటి నుంచి ఆ ఫైలును ఆయనే చంకలో పెట్టుకుని బల్ల నుంచి బల్లకు మోశారు. మార్చి మొదట్లో ఉత్తర్వు వచ్చింది. ఆ ఏడాది ఉత్తర్వులు తెలుగులో ఇవ్వాలన్నారు. నేను గంతులేస్తూ కాగితం తెరిచాను. 'తగరపువలస యువత ఆరోగ్యం' అధ్యయనానికి నిధులు మంజూరు చేయడమైనది.

తగరపువలస! సంత జరిగే ఊరు. అచ్యుతాపురం నగరానికి ఈ చివరైతే, అది ఆ చివర. నిధులు ఉత్తర్వులో ఉన్న ఊళ్లో తప్ప మరెక్కడా వాడకూడదు.

ఏం జరిగిందంటే, సూపరింటెండెంటు గారు చదువుతుంటే టైపు చేసిన అమ్మాయి భీమిలి వైపుది. 'వలస యువత' అనగానే ఆమె కూడా, "ఏ వలస సార్?" అంది. ఆ పక్క మాట ముంచుకొస్తోందన్న కంగారులో ఈయన, "ఏదో మనదే, ఏసీయమ్మా," అన్నారట. ఆమె తన ఊరు వేసింది. తర్వాత ఈయన "ఆ... ఆరోగ్యం" అని గొణిగితే ఆమె 'ఆరోగ్యం' అని కొట్టింది. ఆ మాట కంటబడుతుందని ఈయన చదవకుండా సంతకం పెట్టారు. ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి సర్వీసు మొత్తంలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

మా గైడు గారు, "పోనీ తగరపువలసే వెళ్లిపోరాదా, అక్కడా యువత ఉంటారు కదా," అన్నారు. ఆవిడతో ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. ఆ రాత్రి మరో కరపత్రం రాశాను. ఈసారి పేరు పెట్టి, సూపరింటెండెంటు గారి మీదే.

సరిదిద్దడానికి ఒక్కటే దారి. మార్చి ఆఖరులోగా నిధుల కమిటీ ఇంకోసారి కూర్చుంటుంది. తప్పు చేసినవారు తప్పు నాదేనని రాసిచ్చి, అంశం పేరు సభ్యుల ముందు పూర్తిగా చదివి వినిపించాలి. అది దాటితే నిధులు మురిగిపోతాయి. ఆయన పదవీ విరమణకు ఇంకా రెండు నెలలు.

కమిటీ రోజు సంచిలో కరపత్రాల కట్ట పెట్టుకుని వెళ్లాను. మెట్ల కింద మంచినీళ్ల ఫిల్టరు దగ్గర ఆయన గోడకు ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. "లై... లై... లై..." అంటున్నారు. అటెండరు ఎక్కిళ్లనుకుని గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చాడు. ఆయన తాగి, మళ్లీ "లై..." అన్నారు. అటెండరు ఇంకో గ్లాసు పట్టాడు. మూడో గ్లాసుకు లోపలి నుంచి పిలుపు వచ్చింది.

తలుపు ఓరగా ఉంది. బయట నిలబడి విన్నాను. తప్పు తనదేనని గడగడా చదివారు. 'వలస యువత' దాకా వచ్చారు. ఆగారు. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. ఇక రాదు, ఆయన వల్ల కాదు అనుకున్నాను. అప్పుడు, బస్సు వెనక మెట్టు మీంచి కండక్టరు 'కూర్మన్నపాలెం!' అని కేక వేసినట్టు, ఒక్కసారిగా వచ్చింది:

"లైంగిక ఆరోగ్యం!"

వరండాలో నలుగురు గదుల్లోంచి బయటికి తొంగిచూశారు. అటెండరు చేతిలో గ్లాసు జారింది.

ఒక సభ్యుడు మాత్రం నవ్వుతూ, "తగరపువలస అని ఉంటే పోయేదేముందండీ? వాళ్లు మనవాళ్లు. వీళ్లెవరో బయటివాళ్లు," అన్నాడు.

"మాదీ ఓ వలసేనండి," అన్నారు సూపరింటెండెంటు గారు. "ఎవరో ఎక్కడినుంచో మూట నెత్తినెట్టుకొచ్చి దిగినారు గనకే ఆ పేరొచ్చింది. ఈ దరఖాస్తు పెట్టిన అమ్మాయిని మొదటిరోజు ఏ వలస అని అడిగినాను. ఆ మాట అడగాల్సింది కాదండి. అన్నీ ఒకటే వలస."

సంతకాలు అయ్యాయి. ఆయన చొక్కా తడిసిపోయి బయటికి వచ్చారు. "అయిపోయిందమ్మా. ఇంకోపాలి సెప్పమంటే మాత్రం నా వల్ల కాదు," అన్నారు. సంచిలో కరపత్రాలు బరువుగా తగిలాయి. ఆ కట్ట ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. అందులో ఎన్ని తప్పులున్నాయో ఆయనకు చూపించే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

ఉత్తర్వులో జరిగిన ఆ పొరపాటుకు గాను ఆయనకు మెమో ఇచ్చారు. సర్వీసులో మొదటిది, చివరిదీ. అందులో ఒక దీర్ఘం తప్పుంటే ఎర్ర సున్న చుట్టి, అందుకున్నట్టు సంతకం పెట్టి తిరిగి పంపారు.

ఆయన రిటైరయ్యాక, అచ్యుతాపురంలో గోడలకు అంటించే పోస్టర్లు అచ్చయి వస్తే చూపిద్దామని కట్ట పట్టుకుని కూర్మన్నపాలెంలో వాళ్లింటికి వెళ్లాను. పైన ఒడియా, మధ్యలో హిందీ, కింద తెలుగు. మేము వెళ్లే రోజులు, అక్కడ కూర్చునే గది, ఆసుపత్రి దారి. ఆయన ముందు చూసింది తెలుగే. 'లైగిక ఆరోగ్యం.' సున్న ఎగిరిపోయింది. అన్నిటిలోనూ.

ప్రెస్సుకు వెళ్లి వాళ్లను ఏం చేస్తానో అక్కడే నిలబడి వర్ణిస్తున్నాను. ఆయన అప్పటికే చాప పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీశారు. ఒక్కో పోస్టరూ ముందుకు లాక్కుని సున్న పెట్టడం మొదలుపెట్టారు. పిన్నిగారు, ఆయన భార్య, టీ తెచ్చి పైనుంచి చూసింది.

"ఏటండీ, అందరికీ సున్నాలే ఏత్తన్నారు? ఒక్కడూ పాసవలేదా?"

"మాటలో సున్న పోయిందే."

"ఏ మాట?"

ఆయన తల ఎత్తలేదు. "అదే... ఆ ఆరోగ్యం."

కమిటీని దద్దరిల్లించిన మనిషి! పిన్నిగారు ఒక పోస్టరు తీసుకుని, కిటికీ దగ్గరకు వెళ్లి, నింపాదిగా చదివింది. "లైంగిక ఆరోగ్యం. ఇందులో సిగ్గేటి? ముగ్గురు పిల్లల్ని కన్నాం." ఆయన చెవులు పెన్ను రంగులోకి తిరిగాయి. సున్నలు మాత్రం ఆగలేదు. ప్రతి సున్న గుండ్రంగా, రెండుసార్లు దిద్ది, ఆరేదాకా ఊది పక్కన పెట్టారు. చీకటి పడేదాకా కూర్చున్నాం. నేను ఆరినవి కట్ట కట్టాను.

మొన్న వార్త చదివాక షిఫ్టు దిగేవాళ్ల దగ్గరకు వెళ్లబుద్ధి కాలేదు. టీ బండి నుంచి మందుల షాపు వైపు నడిచాను. మజ్జిగ తాగమన్న షాపే. మొదటి పోస్టరు దాని గోడకే అంటించాం. వానకు నల్ల అక్షరాలు కొంత వెలిశాయి. ఎర్ర సున్న కాస్త అలుక్కుంది గానీ ఉంది.

కొత్తవాడెవడో ఇరవై దాటిన కుర్రాడు షాపు ముందు నిలబడి ఉన్నాడు. వెనక ముగ్గురు వరుసలో ఉన్నారు. షాపతను, "ఏటి బావా, ఏం కావాల?" అన్నాడు. కుర్రాడు నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి, చేయి చాచి, ఆ ఎర్ర సున్న మీద వేలు పెట్టాడు.

షాపతను మజ్జిగ మాట ఎత్తలేదు. తల ఊపి, గొంతు తగ్గించి, మేము కూర్చునే గది ఎటో చేత్తో చూపించాడు.

కుర్రాడు వెళ్లిపోయాక దగ్గరికెళ్లి చూశాను. సున్న చుట్టూ కాగితం నల్లబడి, నునుపు తేలి ఉంది. ఒక వేలు పని కాదు అది.