మైకు మోత, నా బొంగురు గొంతు

"గా మోత పోవాలంటే నీ గొంతుల బరువు గూడ జర పోతది, అవ్వా."

"బరువు పోతే ఇగ మిగిలిందేంది? దోమ గూడ గట్లనే పాడ్తది."

"పాడి చూపెట్టుమని ముందే అడిగిన. నువ్వే పాడకపోతివి."

"పూలు పేర్వకముందే బతుకమ్మ పాట ఎత్తుతరా, పోరీ? ఏ సదువుల చెప్పిన్రు నీకు?"

ఇది నాకూ, ఎలక్ట్రానిక్స్ చదివే నా మనవరాలికీ జరిగిన పంచాయితీ. కొడకండ్లలో మా వాడ మైకుసెట్టు పాతది. ఆన్ చేస్తే చాలు, కందిరీగల తుట్టె కదిపినట్టు మోగుతుంది. కొత్తది కొనొద్దు, ఫిల్టర్ చేసి పెడతానంది పిల్ల. ఉన్నదానితోనే పని జరుగుతుందంటే నేను కాదనను. చిన్న పలక మీద కెపాసిటర్లూ, ఇంకేవో అతికించింది. కరెంటు మోత లోతు స్వరంలో ఉంటుందట. ఫిల్టర్ ఆ లోతును ఆపి, పైస్వరాలను పోనిస్తుందట. ఎక్కడి నుంచి ఆపాలో, పలక మీది చిన్న మర తిప్పుతూ, తన గొంతుతోనే పాడి చూసుకుని ఖాయం చేసింది. తన గొంతు సన్నం. నాది బొంగురు.

సాయంత్రం నేను మైకులో రెండు మాటలు మాట్లాడితే రేకుడబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపించింది. మోత లేదు, నిజమే. నా గొంతూ లేదు.

మర్నాడే ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. మా వాడలో పాట ఎత్తుకునేది నేనే. వెనక వరుసకు నా గొంతు అందకపోతే చప్పట్లు తప్పుతాయి, ఇంకెవరో ఎత్తుకుంటారు.

"నా మాటను బట్టి మార్చరాదా?"

"మాటకు పెడితే పాటకు కుదరది. పాట ఇంకా కిందికెళ్లి ఎత్తుకుంటవ్ నువ్వు. ఒక్కపారి పాడు."

"పూలు లేంది పాడ."

"అయితే తీసి అవతల పడేస్త."

"పడేసుడు మనింట్ల లేదు."

అన్నం ముందు కూర్చున్నా మనసు మైకు దగ్గరే ఉంది. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

తెల్లవారి, ముందురోజే తెంపి నీళ్లలో వేసిన తంగేడు పూలు తీశాను. తాంబాలంలో గుమ్మడాకు పరిచి, మొదటి వరుస పేర్చి, మైకు ముందు పెట్టి పాట ఎత్తుకున్నాను. మనవరాలు నా వైపు చూడకుండా పలక మీది మర తిప్పుతూ పోయింది. ఒకచోట నా గొంతు తిరిగొచ్చింది. దాని వెంట కొంచెం మోత కూడా వచ్చింది.

"గింత మోత ఉంటది, అవ్వా."

"ఉండనీ."

మర కదలకుండా దాని మీద కొవ్వొత్తి మైనం చుక్క వేసింది. నేను రెండో వరుస పేర్చడానికి కూర్చున్నాను.